ట్రాక్ మెషిన్ ఉద్యోగం: ఎలా చేరాలి, చేతికి ఎంత వస్తుంది, ఎవరికి సరిపోతుంది

గుత్తి, తాడిపత్రి, ఎర్రగుంట్ల, కడప లైన్‌లో తిరిగేవాళ్లు ఏదో ఒక స్టేషన్‌లో లూప్ లైన్ మీద పసుపు రంగు పొడుగాటి మెషిన్ నిలబడి ఉండటం, దాని వెనకాల పాత బోగీలోంచి వంట పొగ రావడం చూసే ఉంటారు. అదే ట్రాక్ మెషిన్, ఆ బోగీ దాని స్టాఫ్ ఉండే క్యాంప్ కోచ్. ఈ ఉద్యోగం గురించి మన ఐటీఐ పిల్లలకి శానామందికి తెలీదు, అప్లికేషన్‌లో పోస్టుల ప్రిఫరెన్స్ పెట్టేటప్పుడు ట్రాక్ మెషిన్ అని కనపడితే ఇదేదో గ్యాంగ్‌మన్ పనిలే అనుకుని అట్టడుగున పెట్టేస్తారు, ఇంకొందరు ఏమీ అడక్కుండా పైన పెట్టేసి జాయిన్ అయినాక నెలలో సగం రోజులు ఇంటికి దూరంగా ఉండాలని తెలిసి బాధపడతారు. నేను ఈ డిపార్ట్‌మెంట్‌లోనే పనిచేస్తా, మా ఊరివైపు నుంచి ఫోన్ చేసే పిల్లలందరికీ విడివిడిగా చెప్పే మాటలే ఈడ ఒక వరసలో రాస్తున్నా. ఒకటే గుర్తుపెట్టుకోండి, ఈ పోస్టుని బేసిక్ పే చూసి ఎంచుకోవద్దు, పని ఎట్లాంటిదో, బతుకు ఎట్లా ఉంటుందో తెలుసుకుని ఎంచుకోండి.

ముందు పని ఏందో తెలుసుకోండి

పట్టాల కింద స్లీపర్లు, వాటి కింద కంకర. మన లైన్‌లో కిలోమీటరుకు 1660 స్లీపర్ల లెక్కన ఉంటాయి. రోజూ గూడ్సు బండ్లు పోతాపోతా ఉంటే కంకర కదిలి ట్రాక్ లెవెల్ తప్పుతుంది, ఒక పక్క దిగుతుంది, అలైన్‌మెంట్ పక్కకు పోతుంది. ఒకప్పుడు గ్యాంగ్‌వాళ్లు బీటర్లు పట్టుకుని చేత్తోనే కంకర కొట్టేవాళ్లు. ఇప్పుడు మెయిన్ లైన్‌లో ఆ పని ట్యాంపింగ్ మెషిన్ చేస్తుంది. ట్రాక్‌ని కావాల్సినంత పైకెత్తి పట్టుకుంటుంది, టైన్లు అనే ఉక్కు వేళ్లు స్లీపర్‌కి రెండు పక్కలా కంకరలోకి దిగుతాయి, సెకనుకు 35 సార్లు వణుకుతూ కంకరని స్లీపర్ కిందికి నొక్కుతాయి. వేరుశెనక్కాయల బస్తాని కుదిపితే కాయలు సర్దుకుని గట్టిపడినట్టే. డుయోమాటిక్ అనే మోడల్ ఒకేసారి రెండు స్లీపర్లు చేస్తుంది, దానికి 32 టైన్లు. సీఎస్ఎం అనే ఇంకో మోడల్ ఆగకుండా ముందుకు పోతూనే ఉంటుంది, లోపలి ట్యాంపింగ్ యూనిట్ మాత్రం ఆగి ఆగి కొడుతుంది. ఇంకోటి ఒకేసారి మూడు స్లీపర్లు చేస్తుంది.

ట్యాంపర్ ఒక్కటే కాదు. మట్టి పట్టిన కంకరని చైన్‌తో తవ్వి, జల్లెడ పట్టి, మంచిది మళ్లీ ట్రాక్‌లో వేసే బీసీఎం ఉంది, పాయింట్ల దగ్గర, అంటే ఒక లైన్ నుంచి ఇంకో లైన్ విడిపోయే చోట పనిచేసే యూనిమ్యాట్ ఉంది, ట్యాంపింగ్ అయినాక ట్రాక్‌ని వైబ్రేట్ చేసి సర్దే డీజీఎస్, కంకరని సరిగ్గా పరిచే రెగ్యులేటర్, పాత ట్రాక్ ఊడదీసి కొత్తది వేసే టీఆర్‌టీ, పట్టా పైభాగాన్ని గ్రైండ్ చేసే మెషిన్లు ఉన్నాయి. మీకు ఏది పడుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. బీసీఎం మీద దుమ్ము, చప్పుడు ఎక్కువ, స్టాఫ్ కూడా ఎక్కువ కావాలి. ట్యాంపర్‌లో క్యాబిన్‌లో కూర్చుని కంప్యూటర్, మీటర్లు చూసే పని ఎక్కువ.

మెషిన్ పని కోసం లైన్ మీద బండ్లు ఆపి ఇచ్చే టైమ్‌ని బ్లాక్ అంటారు. ఒక బ్లాక్ ఎట్లా జరుగుతుందో చెప్తా, అప్పుడు మీకే అర్థమవుతుంది. రాత్రి ఒంటిగంటకు తాడిపత్రి దగ్గర ఒక సెక్షన్‌లో మూడు గంటల బ్లాక్ ఇస్తారు అనుకోండి, మీరు పదకొండుకే లేచి ఇంజన్ ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్, డీజిల్ చూసుకోవాలి, టైన్లు ఎంత అరిగినాయో టార్చి పెట్టి చూడాలి, ఏ హోస్ దగ్గరైనా నూనె చెమర్చుతోందా అని చేత్తో తడిమి చూడాలి. అది ఇప్పుడు చూడకపోతే బ్లాక్ మధ్యలో పగులుతుంది, అప్పుడు మెషిన్ మెయిన్ లైన్ మీద ఇరుక్కుంటే వెనక బండ్లన్నీ ఆగిపోతాయి. స్టేషన్ మాస్టర్ దగ్గర బ్లాక్ దొరికినాక సైట్‌కి పోయి, లాకులు తీసి, ట్యాంపింగ్ మొదలుపెడతారు. టైమ్ అయిపోయే ముందే అన్ని యూనిట్లు పైకెత్తి లాక్ చేసి, ప్రతి లాక్ కంటితో చూసి, తర్వాతే కదలాలి. లాక్ పడని ఒక్క యూనిట్ కిందికి వేలాడితే పాయింట్ల దగ్గర ఏమవుతుందో చెప్పాల్సిన పని లేదు.

మన సీమలో ఇంకో విషయం ఉంది. ఈడ ఇప్పుడు పట్టాలన్నీ అతికించి వేసిన పొడుగు పట్టాలు. ఎండకి పట్టా వేడెక్కితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, అప్పుడు కంకరని కదిలిస్తే ట్రాక్ పక్కకు వంకర పోయే ప్రమాదం ఉంది. అందుకే పట్టాకి నిర్ణయించిన డీస్ట్రెసింగ్ టెంపరేచర్ (పట్టా లోపల ఒత్తిడి లేకుండా ఉండే వేడి) కంటే 10 డిగ్రీలు పైన నుంచి 30 డిగ్రీలు కింద, ఆ మధ్యలోనే మామూలు ట్యాంపింగ్ చేయాలని రూల్. కడప, ముద్దనూరు, తాడిపత్రి ఎండలు మీకు చెప్పాలా, మే నెల మధ్యాహ్నం పట్టా మీద చెయ్యి పెట్టలేం. అందుకే ఎండాకాలంలో రాత్రిళ్లు, తెల్లవారుజామున పని ఎక్కువ. రాత్రి మేలుకోలేని వాళ్లు ఇది ముందే ఆలోచించుకోవాలి.

తర్వాత మీ చదువుకి ఏ తలుపు తెరిచి ఉందో చూడండి

మూడు దారులు ఉన్నాయి. పదో తరగతి పాసైనవాళ్లకి లెవెల్ 1లో అసిస్టెంట్ ట్రాక్ మెషిన్ పోస్టు, మనం గ్రూప్ డి అంటామే ఆ నోటిఫికేషన్‌లోనే వస్తుంది. 2024 నంబరుతో వచ్చిన 32,438 పోస్టుల నోటిఫికేషన్‌లో ఇవి 799 ఉండేవి. అదే నోటిఫికేషన్‌లో ట్రాక్ మెయింటెయినర్ గ్రేడ్ 4 పదమూడు వేలకు పైన. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఆ రెండూ ఒకటే అనుకోవద్దు. ట్రాక్ మెయింటెయినర్ అంటే లైన్ మీద నడిచి చేసే పని, అసిస్టెంట్ ట్రాక్ మెషిన్ అంటే మెషిన్ దగ్గర హెల్పర్‌గా మొదలై మెషిన్ నేర్చుకునే పని.

ఐటీఐ చేసినవాళ్లకి టెక్నీషియన్ గ్రేడ్ 3 ట్రాక్ మెషిన్. ఫిట్టర్, డీజిల్ మెకానిక్, మోటార్ వెహికల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్ లాంటి ట్రేడులు దీనికి పనికొస్తాయి, అయితే ప్రతిసారీ నోటిఫికేషన్ చివర ఉండే పట్టికలో ఏ పోస్టుకి ఏ ట్రేడో రాసి ఉంటుంది, ఆ పట్టిక చదవకుండా అప్లై చేయొద్దు. డిప్లొమా వాళ్లకి జేఈ (జూనియర్ ఇంజనీర్) ట్రాక్ మెషిన్, దీనికి మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఆటోమొబైల్ లాంటి బ్రాంచులు. ట్రాక్ అనే మాట ఉంది కదా అని సివిల్ డిప్లొమా వాళ్లు ఇది మనదే అనుకుంటారు, వాళ్లకి పీవే (పట్టాల పని), వర్క్స్, బ్రిడ్జ్ పోస్టులు వేరే ఉన్నాయి.

మన దగ్గర బోరు బండ్ల మీద, జేసీబీల మీద పనిచేసిన పిల్లలు శానామంది ఉన్నారు. అన్నా నాకు జేసీబీ నాలుగేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉంది, పనికొస్తుందా అని అడుగుతారు. సెలెక్షన్‌లో దానికి ఒక్క మార్కు కూడా లేదు, సర్టిఫికెట్టూ పరీక్షా మాత్రమే లెక్క. కానీ జాయిన్ అయినాక ఆ అనుభవం ఉన్నవాడే అందరికంటే ముందు పని అందుకుంటాడు, ఎందుకంటే ట్రాక్ మెషిన్ మొత్తం హైడ్రాలిక్స్ మీదే నడుస్తుంది, పంపు, వాల్వు, సిలిండర్, హోస్ అంటే భయం లేనివాడు ఈడ బతికిపోతాడు. కాబట్టి అట్లాంటివాళ్లు పనితో పాటు ఐటీఐ సర్టిఫికెట్ కూడా తెచ్చుకోండి, అది లేక ఆగిపోయిన మంచి మెకానిక్‌లని నేను చూసినా.

ఐటీఐ అయిపోయి ఖాళీగా ఉన్నవాళ్లు రైల్వే అప్రెంటిస్ కూడా వదలొద్దు. మన జోన్‌లో దానికి పరీక్ష లేదు, పదో తరగతి, ఐటీఐ మార్కుల మీద మెరిట్ లిస్ట్ వేస్తారు. రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకి లెవెల్ 1 పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది, పోటీ మామూలు కోటా కంటే తక్కువ.

ఏ బోర్డుకి పెట్టాలి

ఒక నోటిఫికేషన్‌కి ఒకే ఆర్‌ఆర్‌బీకి (రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు) అప్లై చేయాలి, రెండు పెడితే రెండూ పోతాయి. మనవాళ్లు మామూలుగా సికింద్రాబాద్ పెడతారు. కడప, అనంతపురం స్టేషన్లు, గుంతకల్లు, గుత్తి, ఇవన్నీ గుంతకల్లు డివిజన్. కర్నూలు సిటీ స్టేషన్ మాత్రం హైదరాబాద్ డివిజన్‌లో ఉంది, డోన్ వచ్చేసరికి గుంతకల్లు డివిజన్. విశాఖ కేంద్రంగా సౌత్ కోస్ట్ రైల్వే జోన్ 2019లో ప్రకటించారు, గుంతకల్లు డివిజన్ దాని కిందికి వస్తుంది, అందుకని నోటిఫికేషన్‌లో జోన్‌ల వారీ ఖాళీల పట్టిక చూసేటప్పుడు సౌత్ సెంట్రల్, సౌత్ కోస్ట్ రెండు జోన్‌ల పేర్లూ చూడండి.

ఇంకో సంగతి, హిందూపురం, పెనుకొండ వైపు వాళ్లు బెంగళూరు బోర్డు కూడా ఆలోచించొచ్చు, పెనుకొండ నుంచి అటు సౌత్ వెస్టర్న్ రైల్వే. అయితే కన్నడ ప్రాంతంలో పోస్టింగ్ వస్తే ఇబ్బంది లేదనుకుంటేనే. ట్రాక్ మెషిన్‌కి ఒక సౌకర్యం కాని సౌకర్యం ఏందంటే మీ డిపో యాడున్నా మెషిన్ జోన్ అంతా తిరుగుతుంది, ఒక నెల కోడూరు దగ్గర ఉంటే ఇంకో నెల రాయచూరు దగ్గర ఉండొచ్చు. సొంతూరి పోస్టింగ్ కోసమే రైల్వేకి వచ్చేవాళ్లు ఈ కేటగిరీ కింద పెట్టుకోవడమే మంచిది.

అప్లికేషన్ దగ్గర తొందర వద్దు

పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఆధార్‌లో ఉండాలి. ఇంటిపేరు ముందు ఒకచోట, వెనక ఒకచోట ఉండటం మనకి మామూలే, దాన్ని ముందే సరిచేసుకోండి. బీసీ వాళ్లు సచివాలయంలో ఇచ్చే మామూలు క్యాస్ట్ సర్టిఫికెట్ తెచ్చుకుని సరిపోతుందనుకుంటారు, సరిపోదు, సెంట్రల్ ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, మీ కులం సెంట్రల్ లిస్టులో ఉందో లేదో కూడా చూసుకోవాలి, రాష్ట్రంలో బీసీ అయినవన్నీ ఆ లిస్టులో ఉండవు. ఈడబ్ల్యూఎస్ వాళ్లు తహసీల్దార్ ఆఫీస్ నుంచి ఆ ఏడాదికి చెల్లేది తీసుకోవాలి. నోటిఫికేషన్ వచ్చినాక తిరిగితే టైమ్ సరిపోదు, ఇప్పుడే పెట్టుకోండి.

ఫీజు జనరల్, ఓబీసీ వాళ్లకి 500, పరీక్ష రాస్తే 400 వెనక్కి వస్తుంది. ఎస్సీ, ఎస్టీ, ఆడపిల్లలు, ఈబీసీ, మాజీ సైనికులకు 250, రాస్తే మొత్తం వెనక్కి. బ్యాంక్ అకౌంట్ నంబర్ మీది మాత్రమే ఇవ్వండి, ఇంటర్నెట్ సెంటర్ అన్న ఫోన్ నంబర్, మెయిల్ పెట్టించుకుని తర్వాత ఓటీపీ కోసం తిరగొద్దు.

కన్ను విషయం మర్చిపోవద్దు. ప్రతి పోస్టుకి ఏ మెడికల్ స్టాండర్డ్ కావాలో పక్కనే రాసి ఉంటుంది. అసిస్టెంట్ ట్రాక్ మెషిన్‌కి బి1, అంటే కళ్లద్దాలు ఉన్నా పర్లేదు కానీ పవర్‌కి హద్దు ఉంది, రంగులు గుర్తుపట్టడంలో లోపం ఉండకూడదు. మెషిన్‌ని ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి సిగ్నల్స్ చూసుకుంటూ మనమే నడుపుకుని పోవాలి కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకి ఇది కుదరదు. పరీక్ష పాసై, లిస్టులో పేరొచ్చి, మెడికల్‌లో పోయినవాళ్ల బాధ చూడలేం. ప్రిఫరెన్స్ పెట్టే ముందే కంటి డాక్టర్ దగ్గర కలర్ విజన్ టెస్ట్ చేయించుకోండి, పెద్ద ఖర్చేం కాదు.

పరీక్ష

టెక్నీషియన్ గ్రేడ్ 3కి 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. జనరల్ సైన్స్ 40, మ్యాథ్స్ 25, రీజనింగ్ 25, జనరల్ అవేర్‌నెస్ 10. తప్పుకి మూడో వంతు మార్కు పోతుంది. సైన్స్ 40 అంటే పదో తరగతి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ పుస్తకాలు మళ్లీ పట్టుకోవాలి, కోచింగ్ కోసం నంద్యాల పోవాలా అని అడుగుతారు, సైన్స్‌కి ఆ అవసరం లేదు, స్టేట్ సిలబస్ పుస్తకాలు లైన్ వదలకుండా చదివితే చాలు. పరీక్ష తెలుగులో రాయొచ్చు, అప్లికేషన్‌లో భాష ఎంచుకునేటప్పుడు చూసుకోండి.

గ్రూప్ డికి కూడా 100 ప్రశ్నలే, దాని తర్వాత శారీరక పరీక్ష ఉంది. మగవాళ్లు 35 కిలోలు ఎత్తుకుని కింద పెట్టకుండా 2 నిమిషాల్లో 100 మీటర్లు పోవాలి, 1000 మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. ఆడవాళ్లకి 20 కిలోలు, 5 నిమిషాల 40 సెకన్లు. ఒక్కో దానికి ఒకే అవకాశం. ఇసక బస్తా భుజాన వేసుకుని నడవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. జేఈకి రెండు పరీక్షలు, రెండోదాంట్లో 150 ప్రశ్నల్లో 100 మీ టెక్నికల్ సబ్జెక్టు నుంచే.

రైల్వేలో మావాడున్నాడు, ఇన్ని లక్షలు ఇస్తే పోస్టింగ్ ఇప్పిస్తా అని మన ఊళ్లలో తిరిగేవాళ్లు ఉన్నారు. ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఎంపిక మొత్తం కంప్యూటర్ పరీక్ష, మెరిట్, సర్టిఫికెట్లు, మెడికల్ మీదే. పొలం అమ్మి ఇచ్చిన తల్లిదండ్రులు ఉన్నారు, ఆ డబ్బు తిరిగి రాదు.

జీతం లెక్క

ఇప్పుడు అందరూ అడిగేది. టెక్నీషియన్ గ్రేడ్ 3 లెవెల్ 2, బేసిక్ 19,900. డీఏ 2025 జూలైలో ఇచ్చిన 58 శాతం ప్రకారం 11,542. ఇంటి అద్దె అలవెన్స్ కడప, కర్నూలు, అనంతపురం, గుంతకల్లు లాంటి ఊళ్లకి 10 శాతం, అంటే 1,990. ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ 900, దాని మీద డీఏ కలిపి 1,422. మొత్తం 34,854. ఇందులోంచి పెన్షన్‌కి బేసిక్, డీఏల మీద 10 శాతం 3,144 పోతుంది, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200, ఇంకో చిన్న ఇన్సూరెన్స్ కటింగ్. చేతికి సుమారు 31,500.

ఇది కాయితం మీద లెక్క. ట్రాక్ మెషిన్ వాళ్లకి అసలు తేడా వచ్చేది టీఏ (బయటి ఊళ్లో డ్యూటీకి ఇచ్చే ట్రావెలింగ్ అలవెన్స్) దగ్గర. హెడ్‌క్వార్టర్ నుంచి 8 కిలోమీటర్లు దాటి డ్యూటీ చేస్తే టీఏ వస్తుంది, 12 గంటలు దాటితే పూర్తి రేటు, 6 నుంచి 12 గంటలైతే 70 శాతం, ఆరు లోపల 30 శాతం. లెవెల్ 5 దాకా రోజుకు 500 అని ఏడో పే కమిషన్ పెట్టింది, డీఏ 50 శాతం దాటితే 25 శాతం పెంచాలని కూడా అందులోనే ఉంది, అంటే 625. నెలలో 15 రోజులు క్యాంపులో ఉన్నారనుకుంటే 9,375. అప్పుడు నెలకి నలభై వేలు దాటుతుంది. షెడ్‌లో, వర్క్‌షాప్‌లో కూర్చుని అదే గ్రేడ్‌లో పనిచేసే స్నేహితుడికి ఇది రాదు. కానీ ఈ డబ్బు మొత్తం మిగులు అనుకోవద్దు, క్యాంపులో మెస్ ఖర్చు, ఇంటికి పోయి రావడానికి ఖర్చు ఇందులోనే పోతాయి. నెల మొత్తం హెడ్‌క్వార్టర్‌కి రాకపోతే ఆ నెల ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ రాదు. టీఏ బిల్లు మీరే టైమ్‌కి రాసుకోవాలి, డైరీలో రోజూ బయలుదేరిన టైమ్, చేరిన టైమ్, స్టేషన్ పేరు రాసుకునే అలవాటు మొదటి రోజు నుంచే పెట్టుకోండి, లేకుంటే నెలాఖరున గుర్తుండదు, డబ్బు పోతుంది. టీఏ జీతంతో పాటే రాకుండా లేటుగా పడటం కూడా ఉంటుంది, కాబట్టి బైక్ ఈఎంఐ పెట్టుకునేవాళ్లు జీతాన్ని చూసి పెట్టుకోండి, టీఏని నమ్ముకుని పెట్టుకోవద్దు. రాత్రి డ్యూటీ అలవెన్స్ కూడా ఉంది, బేసిక్ 43,600 దాటే వరకు.

అసిస్టెంట్‌కి బేసిక్ 18,000, ఇదే లెక్కలో మొత్తం 31,662, చేతికి 28,600 దగ్గర. జేఈకి బేసిక్ 35,400, మొత్తం 62,316, కటింగులు పోను 56,500 దగ్గర, టీఏ రేటు కూడా వాళ్లకి ఎక్కువ, 800కి ఇంకో 25 శాతం కలిపి. క్వార్టర్ తీసుకుంటే ఇంటి అద్దె అలవెన్స్ ఉండదు. ఎనిమిదో పే కమిషన్ వేశారు, రిపోర్ట్ రావాలి, ఎంత పెరుగుతుందని వాట్సాప్‌లో తిరిగే పట్టికలు చూసి అప్పులు చేయొద్దు. పెన్షన్‌లో 2025 ఏప్రిల్ నుంచి యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్) కూడా వచ్చింది, 25 ఏళ్లు సర్వీస్ ఉంటే ఆఖరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం పెన్షన్‌గా, దాని మీద డీఆర్ (పెన్షన్‌కి ఇచ్చే డీఏ లాంటిది) వేరే. జాయిన్ అయ్యేటప్పుడు ఏ పథకం అని అడిగితే వెంటనే సంతకం పెట్టకుండా చదివి ఎంచుకోండి.

పైకి ఎట్లా పోతారు

అసిస్టెంట్‌గా చేరినవాళ్లు డిపార్ట్‌మెంట్ కోటాలో ట్రేడ్ టెస్ట్ పాసై టెక్నీషియన్ 3 అవుతారు, తర్వాత గ్రేడ్ 2 లెవెల్ 4లో 25,500, గ్రేడ్ 1 లెవెల్ 5లో 29,200, సీనియర్ టెక్నీషియన్ లెవెల్ 6లో 35,400. ఆడ నుంచి జేఈ, తర్వాత ఎస్‌ఎస్‌ఈ (సీనియర్ సెక్షన్ ఇంజనీర్) లెవెల్ 7లో 44,900. ఎస్‌ఎస్‌ఈలకి పరీక్ష రాసి గ్రూప్ బి ఆఫీసర్ అయ్యే దారి ఉంది, లెవెల్ 8. ప్రమోషన్ రాకపోయినా 10, 20, 30 ఏళ్లకి ఎంఏసీపీ కింద లెవెల్ పెరుగుతుంది.

నా మాట వినండి, ప్రమోషన్ పరీక్షలకి చదవడం జాయిన్ అయిన ఏడాదే మొదలుపెట్టండి. క్యాంప్ కోచ్‌లో బ్లాక్ లేని గంటలు శానా ఉంటాయి, ఫోన్ చూస్తూ పోగొట్టుకున్నవాళ్లు ఇరవై ఏళ్ల తర్వాత కూడా అదే గ్రేడ్‌లో ఉన్నారు, మాన్యువల్ పట్టుకుని హైడ్రాలిక్ సర్క్యూట్ గీసుకుంటూ కూర్చున్న కుర్రాళ్లు నా కళ్ల ముందే జేఈలయ్యారు. ట్రాక్ మెషిన్ ట్రైనింగ్ సెంటర్ ప్రయాగ్‌రాజ్‌లో ఉంది, ఆడికి పంపినప్పుడు సర్టిఫికెట్ కోసం కాకుండా నేర్చుకోవడానికి పోండి. అక్కడ పాఠాలు ఎక్కువగా హిందీలో, ఇంగ్లీషులో ఉంటాయి, మెషిన్ మీద కూడా బీహార్, ఒడిశా, యూపీ వాళ్లు ఉంటారు, హిందీ మాట్లాడటం వస్తే సగం ఇబ్బంది పోతుంది. కాంపిటెన్సీ సర్టిఫికెట్ లేకుండా లైన్ మీద మెషిన్ నడపకూడదు, ఎవరైనా నడుపు ఏం కాదులే అన్నా ఒప్పుకోవద్దు.

డిమాండ్ ఉంటుందా అంటే, ఉంటుంది. చేత్తో చేసే పని తగ్గిపోతోంది, రైల్వేలో ట్రాక్ మెషిన్ల సంఖ్య పదేళ్లలో రెండింతలు దాటింది. మన వైపే చూడండి, గుంటూరు నుంచి గుంతకల్లు దాకా 401 కిలోమీటర్ల డబ్లింగ్, ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలానికి 2019లో తెరిచిన కొత్త లైన్, వేసిన ప్రతి కిలోమీటరునీ తర్వాత ఎవరో ఒకరు ట్యాంప్ చేస్తూనే ఉండాలి.

ప్రైవేట్‌లో దొరికితే

డబ్లింగ్ కాంట్రాక్టర్ల దగ్గర, మెట్రోల్లో, మెషిన్లు తయారుచేసే కంపెనీల సర్వీస్ టీముల్లో, మన ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంట్ ఫ్యాక్టరీల సైడింగ్‌లు చూసే కాంట్రాక్టర్ల దగ్గర పని ఉంటుంది. రైల్వేలో రిటైరైన ఆపరేటర్లని వీళ్లు పిలుచుకుంటారు, కొత్తవాళ్లని హెల్పర్‌గా తీసుకుంటారు. చేరే ముందు నాలుగు విషయాలు కాయితం మీద రాయించుకోండి: పీఎఫ్, ఈఎస్ఐ ఉందా, ఉండే చోటు ఎవరిది, ఏ మెషిన్ మీద పెడతారు, వెళ్లేటప్పుడు ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తారా. లెటర్ ఇవ్వని చోట ఎన్నేళ్లు చేసినా చేయనట్టే. వయసు ఉన్నంతకాలం ప్రైవేట్‌లో చేస్తూనే ఆర్‌ఆర్‌బీ రాస్తూ ఉండండి.

ప్రాణం గురించి

డబుల్ లైన్ మీద మన లైన్‌కి బ్లాక్ ఉంటుంది, పక్క లైన్‌లో బండి 100 మీద వస్తూనే ఉంటుంది. మన మెషిన్ చప్పుడులో అది వినపడదు. హూటర్ మోగిన వెంటనే చేతిలో ఏం ఉన్నా వదిలేసి పక్క లైన్‌కి దూరంగా, మెషిన్‌కి అవతలి వైపుకి వచ్చేయాలి. కింద పడిన స్పానర్ తీసుకుందామని రెండు లైన్ల మధ్యలోకి దిగకూడదు. పైన వైరులో 25,000 వోల్టులు, ముట్టుకోకపోయినా లాగేస్తుంది, కనీసం 2 మీటర్ల దూరం, మెషిన్ పైకి ఎక్కాలంటే కరెంట్ తీసి ఎర్త్ చేశాకే. పెళ్లాంబిడ్డలు ఉన్నవాళ్లం, ఇది నేను కొత్తగా వచ్చిన ప్రతి పిల్లాడికీ చెప్తా, విసుక్కున్నా చెప్తా.

చెల్లెళ్లు కూడా అడుగుతున్నారు. రూల్ ప్రకారం అడ్డం లేదు. క్యాంప్ కోచ్‌లో విడి గది, బాత్‌రూమ్ ప్రతి చోటా ఉండవు, ఇది దాచకుండా చెప్తున్నా. ప్రిఫరెన్స్ పెట్టే ముందు ఆ జోన్‌లో ట్రాక్ మెషిన్‌లో ఇప్పటికే పనిచేసే ఆడవాళ్లతో ఒకసారి మాట్లాడి నిర్ణయించుకోండి.

ఇంట్లో కూడా ముందే మాట్లాడండి. క్యాంపులు వారాల తరబడి ఉంటాయి, శానా చోట్ల రెస్టులు కలిపి ఇస్తారు కాబట్టి ఇంటికి వచ్చినప్పుడు కొన్ని రోజులు వరసగా ఉండొచ్చు, కానీ పండగకి, పెళ్లికి లీవు దొరుకుతుందని గ్యారంటీ లేదు. వ్యవసాయం చూసుకోవాల్సిన ఒక్కడే కొడుకైతే, ఇంట్లో మంచాన పడిన పెద్దవాళ్లుంటే, వర్క్‌షాప్, షెడ్ పోస్టులు పైన పెట్టుకోండి. మెషిన్లంటే ఇష్టం, ఊళ్లు తిరగడం ఇబ్బంది లేదు, నాలుగు డబ్బులు ఎక్కువ కావాలి అనుకునేవాళ్లు ట్రాక్ మెషిన్‌ని ధైర్యంగా మొదటి మూడింట్లో పెట్టండి.

మొదటి క్యాంపుకి పోయేటప్పుడు రెండు జతల కాటన్ బట్టలు నూనె మరకలకి వదులుకునేవి, మంచి సేఫ్టీ షూ, చెవుల్లో పెట్టుకునేవి, హెడ్ టార్చి, దోమతెర, పెద్ద నీళ్ల క్యాను, డైరీ, సర్టిఫికెట్ల జిరాక్సులు తీసుకుపోండి. మెస్‌లో వంట వంతుల వారీగా ఉంటుంది, ఉగ్గాని, పప్పు, సంగటి చేయడం ఇంట్లోనే నేర్చుకుని పోండి. బీహార్ వాళ్ల చేతి లిట్టీ తిన్నాక మీ వంతు వచ్చినప్పుడు వాళ్లు ఎదురుచూస్తారు.